మట్టి నీటిని పరీక్షిస్తే రాయి ఎంత వేగంగా కరుగుతోందో తెలుస్తుందా?

ముందు ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి ఉపయోగంగా ఉంటుంది. అడిగినవారిది గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డు ఊరు. నాన్నగారి పల్లపు మడిలోనూ పక్కనున్న మెట్టు నేలలోనూ ఒక సంస్థవాళ్ళు నిరుడు ఎకరానికి ఎనిమిది టన్నుల చొప్పున నల్లరాతి పొడి చల్లారు. రాయి కరిగేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి ఉంచుతుందని చెప్పారు. ఇప్పుడు పొలంలో పింగాణీ మూతి ఉన్న గొట్టాలు పాతి, పదిహేను రోజులకోసారి మట్టిలోంచి నీళ్ళు లాగి తీసుకెళ్తున్నారు. "నీళ్ళలో కాల్షియం పెరిగింది, రాయి బాగా కరుగుతోంది" అని మడి నీటి గురించి మొన్న చెప్పారట. ఆ మాట నమ్మొచ్చా, ఎమ్మెస్సీ చదువుతున్న నేను సొంతంగా కొలవగలనా అన్నది ప్రశ్న.

కొలవొచ్చు. కానీ నీళ్ళలో కాల్షియం ఎంతుందో చెప్పేది రేటు కాదు. రేటు అంటే ఏడాదికి ఎకరంలో ఎంత రాయి కరిగిందన్న లెక్క. దానికి రెండు సంఖ్యలు కావాలి. లీటరు నీటిలో ఎంత కరిగి ఉంది, అలాంటి లీటర్లు ఏడాదిలో ఎన్ని వేళ్ళ కిందికి దిగిపోయాయి. ఈ రెండూ గుణించాక, అందులో రాతి పొడి నుంచి రానిదంతా తీసేయాలి. మీకు చెప్పిన మాటలో మొదటి సంఖ్య మాత్రమే ఉంది. అది కూడా వరి మడిలోది కాబట్టి, రాతి పొడి చల్లకపోయినా పెరిగి ఉండేదే. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఆదిలాబాద్–రాజురా వైపు నల్లరేగడిలో, తర్వాత ఇటు పార్వతీపురం, రాయగడ, కొరాపుట్ ఎర్ర నేలల్లో. రాసేవి నా చేతులతో తీసిన సీసాల సంగతులే.

జరిగే పని చూడటానికి చిన్నది. వేళ్ళు, సూక్ష్మజీవులు ఊపిరి వదలడం వల్ల మట్టిలోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పైగాలి కంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువ ఉంటుంది. అది నీటిలో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. బలహీనమైన ఆమ్లమే, కానీ విడవకుండా తగులుతూ ఉంటుంది. ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ లాంటి ఖనిజాల్లోంచి కాల్షియం, మెగ్నీషియం, సోడియం నీటిలోకి వస్తాయి. వాటికి జతగా బైకార్బనేట్ ఉంటుంది, కొంత సిలికా కూడా వస్తుంది. మిగిలింది బంకమట్టి. మన కొండల కింద తవ్వితే కనిపించే తెల్లటి, గులాబీ రంగు మెత్తటి మట్టి అలా పుట్టిందే. సిలికేట్ రాయి కరిగితే ఆ బైకార్బనేట్‌లోని కార్బన్ అంతా గాలి నుంచి వచ్చింది. సున్నపురాయి కరిగితే సగమే గాలిది, మిగతా సగం రాయిదే. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నీటిని చూసి వెనక్కి లెక్కగట్టి, ఏ ఖనిజం ఎంత కరిగిందో చెప్పే పద్ధతి పాతదే. 1967లో గారెల్స్, మెకంజీ అనే ఇద్దరు అమెరికాలో సియెర్రా నెవాడా కొండల ఊటల నీటిని తీసుకుని, అందులోంచి వాననీటి వాటా తీసేసి, మిగిలిన కాల్షియం, సోడియం, సిలికాలని మళ్ళీ ఫెల్డ్‌స్పార్‌గా, మైకాగా పేర్చి చూపించారు. అది ఇంటి ఖర్చుల పుస్తకం చూసి ఏ రోజు ఏం వండుకున్నారో చెప్పడం లాంటిది. మన దేశంలో బండీపూర్ అడవిలోని ములెహోళె అనే చిన్న పరీవాహకంలో బెంగళూరు ఐఐఎస్‌సీ, ఫ్రాన్స్‌లోని ఐఆర్‌డీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి నైస్ అనే పాత గట్టి రాయి మీద ఇదే లెక్క ఏళ్ళ తరబడి చేశారు. రాతి పొడి చల్లి నీటిని గమనించిన వాటిలో అందరూ చెప్పుకునేది అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్. అక్కడ 1999లో 11.8 హెక్టార్ల అడవి మీద హెలికాప్టర్‌తో వొలాస్టొనైట్ అనే కాల్షియం సిలికేట్ చల్లారు. ఏళ్ళు గడిచినా ఆ వాగు నీటిని ఇంకా చదువుతూనే ఉన్నారు. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ అడవే గుర్తొస్తుంది.

ఇక లెక్కలోకి వద్దాం. ఇవి మీ పొలం సంఖ్యలు కావు, వరస అర్థం కావడానికి నేను అనుకున్నవి.

రాతి పొడి చల్లిన మెట్టులో, వేళ్ళ కింద మూడడుగుల లోతు నీటిలో బైకార్బనేట్ లీటరుకి 1.2 మిల్లీ ఈక్వివలెంట్లు (అయాన్ల ఆవేశాన్ని లెక్కగట్టే కొలత) ఉందనుకోండి. పక్కనే పొడి చల్లని మడిచెక్కలో 0.7. తేడా 0.5. ఏడాదిలో వేళ్ళ కిందికి దిగిన నీరు 400 మిల్లీమీటర్లు అనుకుంటే, ఎకరానికి సుమారు 16 లక్షల లీటర్లు. గుణిస్తే 800 ఈక్వివలెంట్లు. ఒక్కో ఈక్వివలెంట్ బైకార్బనేట్‌కి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అంటే ఎకరానికి 35 కిలోలు. మంచి బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి) ఒక కిలో పూర్తిగా కరిగితే ఏడు ఈక్వివలెంట్ల పైచిలుకు ఇస్తుంది కాబట్టి, కరిగిన రాయి 110 కిలోలు. చల్లింది ఎనిమిది వేల కిలోలు. నూటికి ఒకటిన్నర వంతు కూడా కాదు.

ఇప్పుడు నీటి సంఖ్య ఒక్కటి మార్చి చూడండి. దిగింది 400 కాదు, 200 అయితే 35 కిలోలు కాస్తా 17, 18 అవుతుంది. 600 అయితే 53. సీసాలోని నీరు అదే, ల్యాబు రిపోర్టు అదే, జవాబు మాత్రం మూడు రెట్లు అటూ ఇటూ పోతుంది. అందుకే ఎవరైనా నాకు కాల్షియం గ్రాఫు చూపిస్తే, నేను మొదట అడిగేది నీటి లెక్క ఏదని.

నీటి లెక్క ఎలా? వానలోంచి, ఆవిరైంది, పైరు తాగింది, పైనుంచి పారిపోయింది తీసేస్తే మిగిలింది కిందికి దిగింది. చెప్పడం తేలికే గానీ, పెద్ద సంఖ్యల్లోంచి పెద్ద సంఖ్యలు తీసేసి చిన్నది తేల్చడం కాబట్టి పొరపాటు మొత్తం ఆ చిన్నదాని నెత్తిన పడుతుంది. ఇంకో దారి క్లోరైడ్. క్లోరైడ్‌ని మట్టి పట్టుకోదు, పైరు పెద్దగా తీసుకోదు, రాయి ఇవ్వదు. వాననీటిలో ఉన్న క్లోరైడ్, నీరు ఆవిరైన కొద్దీ మట్టినీటిలో చిక్కబడుతుంది. వానలో కంటే నాలుగు రెట్లు చిక్కగా ఉంటే, పడిన వానలో నాలుగో వంతు కిందికి దిగిందని అర్థం. అడవిలో, బీడులో ఇది చక్కగా పనిచేస్తుంది.

పొలంలో ఇదే పద్ధతి నన్ను ఒకసారి నిలువునా ముంచింది. పార్వతీపురం వైపు ఒక మొక్కజొన్న చేనులో క్లోరైడ్ చూసి లెక్కేస్తే, కిందికి దిగిన నీరు వానలో ఇరవయ్యో వంతు కూడా లేదని వచ్చింది. ఆ నేల ఇసుక కలిసిన ఎర్రమట్టి, వాన పడిన గంటకి పైన తడి కూడా నిలవదు. ఎలా కుదురుతుంది? మూడు వారాలు సీసాలు, తూకాలు, ల్యాబు అన్నీ వెతికాను. చివరికి రైతు పశువుల సాలలో మూలనున్న ఖాళీ బస్తా చూసి తెలిసింది. ఎర్ర పొటాష్. అంటే పొటాషియం క్లోరైడ్, బస్తాలో దాదాపు సగం బరువు క్లోరైడే. ఆ ఏడాది నా లెక్క మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. రైతుని ఒక్క మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది. అప్పట్నుంచి ప్రతి చేనుకీ ఒక నోటుబుక్కు పెట్టి, ఏ బస్తా ఏ రోజు ఎంత వేశారో ఇంటివాళ్ళ చేతే రాయిస్తున్నాను.

క్లోరైడ్‌కి ఇంకో పని ఉంది. సముద్రపు ఉప్పు వానలో కలిసి వస్తుంది. సముద్రపు నీటిలో సోడియానికీ క్లోరైడ్‌కీ నిష్పత్తి 0.86, అణువుల లెక్కలో. మట్టినీటి సోడియంలోంచి ఆ మేరకు తీసేస్తేనే రాయి ఇచ్చిన సోడియం తేలుతుంది. టెక్కలి, పలాస వైపు చేస్తే ఈ వాటా ఎక్కువ. రాయగడ దాటి లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. వదిలేయడానికి మాత్రం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వరి మడి సంగతి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

దమ్ము చేసి నీరు పెట్టిన వారం పది రోజులకి మట్టిలోపల ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు మన ఎర్రమట్టిలోని ఇనుప తుప్పుని వాడుకోవడం మొదలుపెడతాయి. తుప్పు కరిగి ఫెర్రస్ ఇనుముగా నీటిలోకి వస్తుంది. ఈ చర్యలో ఆమ్లం ఖర్చవుతుంది, అంటే నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఎక్కువగా బైకార్బనేటే) పెరుగుతుంది. అంతటితో అయిపోదు. అలా వచ్చిన ఇనుము బంకమట్టి రేణువులకి అతుక్కుని ఉన్న కాల్షియం, మెగ్నీషియంలని నెట్టేసి ఆ చోట్లో కూర్చుంటుంది. నెట్టబడిన కాల్షియం నీటిలోకి వస్తుంది. చిటికెడు రాతి పొడి చల్లకపోయినా, నీరు నిలిపిన మడిలో కాల్షియమూ ఆల్కలినిటీ రెండూ పెరుగుతాయి. కోతల ముందు నీరు తీసేసి మడి ఆరగానే ఇనుము మళ్ళీ తుప్పు అవుతుంది, ఆమ్లం తిరిగి వస్తుంది, పెరిగిన ఆల్కలినిటీలో చాలాభాగం పోతుంది. కాబట్టి ఉభాలు (నాట్లు) అయిన నెల రోజులకి తీసిన నీటిని, దమ్ముకి ముందు తీసిన నీటితో పోల్చి "పెరిగింది" అంటే ఆ మాటలో రాయి ఎంతో తుప్పు ఎంతో ఎవరూ చెప్పలేరు.

దీన్ని కళ్ళతో చూడొచ్చు. వంశధార పక్కన ఒక మడిలో, ఆగస్టులో, గొట్టంలోంచి సిరంజితో నీళ్ళు లాగాను. సీసాలో పడినప్పుడు కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి. గట్టు మీద పెట్టి, రెండో గొట్టం పని చూసుకుని వచ్చేసరికి పల్చటి పసుపు తిరిగింది. ఇంకో గంటకి తేయాకు రంగు, అడుగున నారింజ రంగు మడ్డి. ఆ మడ్డి కూడుతున్నంతసేపూ సీసాలో ఆమ్లం పుడుతూనే ఉంటుంది. అంటే రాయగడ ల్యాబుకి చేరేసరికి ఆ సీసాలో ఆల్కలినిటీ మడిలో ఉన్నంత ఉండదు. అందుకే టైట్రేషన్ (ఆమ్లం చుక్కచుక్కగా కలిపి ఆల్కలినిటీ కొలవడం) గట్టు మీదే చేయాలి, అక్కడే, అప్పుడే. చిన్న బ్యూరెట్, పలచని ఆమ్లం, పీహెచ్ మీటరు ఉంటే చాలు, పది నిమిషాల పని. మీ పొలంలో వాళ్ళు ఐస్ పెట్టెలో పెట్టి తీసుకెళ్తున్నారా, అక్కడే కొలుస్తున్నారా అన్నది ఒకసారి గమనించండి.

వరిలో సిలికాని కూడా నమ్మలేం. రాయి కరిగితే సిలికా వస్తుంది నిజమే, కానీ వరి సిలికాని విపరీతంగా తాగుతుంది. ఎండుగడ్డిలో పదో వంతు దాకా సిలికానే. ఊక కాలిస్తే మిగిలే తెల్లబూడిద మొత్తం దాదాపు అదే. నీటిలో సిలికా తగ్గితే రాయి కరగడం తగ్గినట్టు కాదు, పైరు పొట్ట దశకి వచ్చినట్టు కావచ్చు.

పైగా దమ్ము చేసిన మడిలో అడుగున గట్టి పొర ఉంటుంది. నీరు నేరుగా కిందికి కాకుండా గట్ల కింద నుంచి పక్క మడిలోకి ఊరుతుంది. పై మడిలో చల్లిన రాయి ప్రభావం కింది మడి గొట్టంలో కనిపించడం నేను చూశాను. మీ ఇంట్లో మెట్టు కూడా ఉంది కాబట్టి, మీరు సొంతంగా కొలిచేదేదో మెట్టులో మొదలుపెట్టండి. పల్లం రెండో ఏడు చూసుకోవచ్చు.

ఎరువుల సంగతి ఇంకొంచెం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో సుమారు సగం జిప్సమే, అంటే కాల్షియం సల్ఫేట్. అది వేసిన పదిహేను రోజులకి మట్టినీటిలో కాల్షియం ఎగబాకుతుంది. పక్కన సల్ఫేట్ కూడా కొలిస్తే వెంటనే పట్టుబడుతుంది, కొలవకపోతే రాయి ఖాతాలో పడిపోతుంది. పొయ్యి బూడిద, పోడు కాల్చిన బూడిద, పేపరు మిల్లు సున్నపు మడ్డి, బోరు నీటి తడులు, ఇవన్నీ ఆల్కలినిటీ తెచ్చేవే. బోరు నీరు పెట్టే చేనులో ఆ నీటిని కూడా ఒక నమూనాగా తీసుకోవాలి.

యూరియా కథ వేరు. అది మట్టిలో నైట్రేట్‌గా మారేటప్పుడు నైట్రిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం కూడా రాయిని కరిగిస్తుంది, కాల్షియం నిజంగానే రాయి నుంచే వస్తుంది. కానీ దానికి జతగా ఉండేది బైకార్బనేట్ కాదు, నైట్రేట్. గాలిలోని కార్బన్‌కి ఆ కాల్షియంతో సంబంధం లేదు. రాయి కరిగిన లెక్క వేరు, కార్బన్ పట్టిన లెక్క వేరు. మొదటిదానికి కాటయాన్లన్నీ (కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటి ధనావేశపు అయాన్లు) కలపాలి, రెండోదానికి బైకార్బనేట్ చూడాలి. మీ ఊళ్ళో వాళ్ళు కాల్షియం చూపించి కార్బన్ గురించి మాట్లాడుతుంటే, ఈ మధ్యలో ఒక మెట్టు ఎగిరిపోయింది.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. రాయి కరుగుతున్నా నీటిలో ఏమీ కనిపించకపోవచ్చు. మన ఎర్ర నేలలు ఆమ్లపు నేలలు. బంకమట్టి రేణువుల మీద హైడ్రోజన్, అల్యూమినియం కూర్చుని ఉంటాయి. రాతి పొడి ఇచ్చిన కాల్షియం ముందు వాటిని లేపి ఆ చోట్లో కూర్చుంటుంది, బైకార్బనేట్ అక్కడికక్కడే ఆ ఆమ్లంతో కలిసి మళ్ళీ కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. మూడడుగుల లోతులో గొట్టం ఏళ్ళ తరబడి ఏ మార్పూ చూపించకపోవచ్చు. అలాగని రైతుకి నష్టం కాదు. నేల పీహెచ్ పెరుగుతుంది, అల్యూమినియం విషం తగ్గుతుంది. పైరుకి మంచిదే. అయితే కార్బన్ పేరుతో డబ్బు తీసుకునేవాళ్ళు దీన్ని దాచకుండా చెప్పాలి. అందుకే నేను నీటితోపాటు ఏడాదికోసారి మట్టి కూడా తీసి, దానికి అతుక్కున్న కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలిపిస్తాను. నీటిలో లేనిది అక్కడ దొరుకుతుంది.

మట్టిని మాత్రమే కొలిస్తే చాలదా అని అడుగుతారేమో. రాతి పొడిలోని టైటానియం కరగదు. అది ఉండి కాల్షియం తగ్గితే అంత కరిగినట్టు అన్నది ఆ పద్ధతి. మంచి పద్ధతే. కానీ ఎకరంలో పైన ఆరంగుళాల మట్టే దాదాపు 850 టన్నులు ఉంటుంది. అందులో ఎనిమిది టన్నుల పొడి, ఆ పొడిలో నూటికి ఒకటీ రెండు వంతుల తేడా. మన మట్టిలో అడుగడుక్కీ ఉండే సహజమైన తేడాలో అది మునిగిపోతుంది. మొదటి ఒకటి రెండేళ్ళు నీరే ముందు చెప్తుంది, తర్వాత మట్టి సాక్ష్యం బలపడుతుంది. రెండూ పొంతన కుదిరితేనే నాకు నిద్రపడుతుంది.

నల్లరేగడి వైపు నుంచి ఒక అనుభవం చెప్పాలి. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో, తెలుగు మాట్లాడే ఒక పత్తిరైతు చేనులో రెండేళ్ళు నీళ్ళు తీశాను. కింద దక్కన్ బసాల్ట్, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా. మట్టినీటిలో బైకార్బనేట్ చాలా ఎక్కువ వచ్చింది. బసాల్ట్ ఇంత జోరుగా కరుగుతోందా అని ఉత్సాహంగా లెక్కలు రాసుకున్నాను. రెండో ఏడు వేసవిలో గొయ్యి తవ్వుతుంటే రెండడుగుల కింద శనగగింజంత తెల్లటి గుళికలు కనిపించాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సోడా పొంగినట్టు బుసబుసా నురగ వచ్చింది. సున్నపు గుళికలు. వానాకాలం కరిగి, ఎండాకాలం మళ్ళీ గట్టిపడే సున్నం. నేను కొలిచింది ఎక్కువగా దాని రాకపోకలే, బసాల్ట్‌ది కాదు. పైగా ఆ వైపు పెన్‌గంగ సున్నపురాయి కూడా ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వచ్చాయి. ఎర్ర నేలలో ఈ గొడవ తక్కువ. అయినా గొట్టం పాతేటప్పుడు ప్రతి అడుగు మట్టి మీదా ఒక్క ఆమ్లం చుక్క వేసి చూడటం ఇప్పుడు నాకు అలవాటు. నల్లరేగడిలో ఇంకో సమస్య, బీటలు. తొలకరి వాన బీటల్లోంచి సర్రున కిందికి పోతుంది. గొట్టం లాగేది మట్టిముద్దలోపల కదలకుండా ఉన్న పాత నీటిని. రెండూ ఒకటి కాదు.

ఎక్కువ వాన పడితే ఎక్కువ రాయి కరుగుతుందని కూడా అనుకోకండి. కొరాపుట్ వైపు బాక్సైట్ కొండల పైన వాన బాగా పడుతుంది. అక్కడి ఊట నీటిలో విద్యుత్ వాహకత మీటరు పెడితే (లవణాలు ఎక్కువ కరిగితే ఎక్కువ చూపిస్తుంది) 20, 30 మైక్రోసీమెన్స్ చూపిస్తుంది, దాదాపు వాననీరే. ఎందుకంటే అక్కడి ఖోండలైట్ రాయిలోంచి కరగాల్సిందంతా ఎప్పుడో కరిగిపోయింది. మిగిలింది అల్యూమినియం, ఇనుము. (ఖోండలైట్ అన్న పేరు ఇక్కడి కోందుల పేరు మీద 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని పెట్టింది. మన కొండల పేరు ప్రపంచమంతా వాడతారని మా పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి.) అదే కొండ పాదంలో, రాయి ఇంకా తాజాగా ఉన్నచోట బావి నీరు వందల్లో చూపిస్తుంది.

అన్నట్టు, వాళ్ళు చల్లిన రాయి ఏ రాయి? ఇది తేల్చుకోవాలి. మన వైపు క్రషర్ల దగ్గర నల్లరాయి అంటే ఎక్కువగా చార్నోకైట్. చూడటానికి నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తుంది, కానీ అందులో క్వార్ట్జ్, పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఎక్కువ. అవి బసాల్ట్ ఖనిజాలంత తొందరగా కరగవు. మనకి దగ్గర్లో అసలైన బసాల్ట్ రాజమండ్రి వైపు, గౌరీపట్నం, కాటేరు దగ్గర ఉంది. అక్కణ్ణుంచి లారీలో తెస్తే ఆ డీజిల్ కూడా లెక్కలో తీసేయాలి. రాతి రసాయన విశ్లేషణ కాగితం అడగండి. అందులో నికెల్, క్రోమియం కూడా ఉండాలి, తిండిగింజలు పండే నేల కదా.

ఇక మీరు చేయదలిస్తే, నేను చేసే పద్ధతి ఇది.

గొట్టాల పింగాణీ మూతుల్ని ముందు పలచటి ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగాలి. కొత్త పింగాణీ తనే కొంత కాల్షియం వదులుతుంది, కొంత పట్టుకుంటుంది. గొయ్యిలోని మట్టినే నీళ్ళతో జావలా కలిపి పోసి మూతిని కూర్చోబెట్టాలి, గాలి సందు ఉంటే నీరు రాదు. వాన మొదలవక ముందే పాతి, మొదటి రెండు మూడు సార్లు వచ్చిన నీటిని పారబోయాలి. ఒక మడిచెక్కకి ఒక గొట్టం చాలదు. పక్కపక్కన ఉన్న మూడు గొట్టాల్లో రెండింతల తేడా నేను తరచూ చూస్తాను. చల్లినచోట నాలుగు, చల్లనిచోట నాలుగు, అంతకంటే తక్కువైతే శ్రమ వృథా. రాతి పొడి చల్లని మడిచెక్క లేకపోతే అసలు మొదలుపెట్టకండి. అక్కడ కూడా అవే బస్తాలు, అదే విత్తనం, అదే రోజు దున్నడం ఉండాలి.

నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడగట్టి రెండు ప్లాస్టిక్ సీసాల్లో నింపండి. ఒకదాంట్లో రెండు చుక్కల శుద్ధ నైట్రిక్ ఆమ్లం, అది కాటయాన్లకి. రెండోదాంట్లో ఏమీ వేయకుండా, బుడగ లేకుండా నిండా నింపి మూత బిగించాలి, అది క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్‌లకి. ఈ రెండూ తారుమారైతే ఆ రోజు పని మొత్తం పోయినట్టే, అందుకే నేను మూతలకి వేరే రంగు రిబ్బన్ కడతాను. ల్యాబు నుంచి సంఖ్యలు రాగానే కాటయాన్ల ఆవేశం మొత్తం, ఆనయాన్ల (బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్ లాంటి ఋణావేశపు అయాన్ల) ఆవేశం మొత్తం కూడి చూడండి. నూటికి పది కంటే తేడా ఉంటే ఏదో తప్పింది. ఆ సీసాని లెక్కలోకి తీసుకోవద్దు. నచ్చిన సంఖ్య అయినా సరే.

వాననీరు కూడా పట్టండి. మేడ మీద శుభ్రమైన గరాటు, సీసా చాలు. ఎండాకాలంలో గొట్టాల్లో నీరు రాదు. రానినెలకి ముందు నెల సంఖ్య వేసి పూరించకండి, అప్పుడు కిందికి దిగే నీరే లేదు కాబట్టి ఆ నెల వాటా సున్నా.

డబ్బు సమకూరితే, కాల్షియంతోపాటే రాయిలోంచి వచ్చే స్ట్రాన్షియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) చేయించవచ్చు. బసాల్ట్‌లో స్ట్రాన్షియం 87, 86ల నిష్పత్తి తక్కువ, మన తూర్పు కనుమల పాత రాళ్ళలో ఎక్కువ. కాబట్టి నీటిలోని కాల్షియం ఎవరి వాటాయో విడదీసే అవకాశం మన నేలల్లో బాగుంది. ఖర్చు ఎక్కువ, యంత్రాలు కొన్ని చోట్లే ఉన్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అది లేకపోయినా ఫరవాలేదు.

ల్యాబులో ఖనిజం పొడిని బీకరులో వేసి కొలిచిన రేటుని తెచ్చి పొలానికి గుణించే పుస్తక లెక్కలు ఎవరైనా చూపిస్తే ఒప్పుకోకండి. పొలంలో రాయి ల్యాబు కంటే వంద నుంచి వేల రెట్లు నెమ్మదిగా కరుగుతుందని ఎన్నో చోట్ల తేలింది. రేణువు మీద పొర కట్టడం, నీరు తగలకపోవడం, తగిలిన నీరు అప్పటికే కరిగినవాటితో నిండిపోయి ఉండటం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. మట్టినీటిని కొలవాల్సి రావడానికి కారణమే అది.

ఈ పని మీద నాకు అనుమానం లేదు, ఆశే ఉంది. ఛత్తీస్‌గఢ్ వరి రైతులతో ఇదే పని చేస్తున్న మాటి కార్బన్ అనే సంస్థకి 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ కార్బన్ తొలగింపు పోటీలో మొదటి బహుమతి, 5 కోట్ల డాలర్లు వచ్చాయి. మన ఆమ్ల నేలలకి రాతి పొడి మేలు చేయగలదు. అందుకే లెక్క సరిగా ఉండాలని నా పట్టుదల. మీ నాన్నగారు భూమి ఇచ్చారు, తన మడిలో గొట్టాలు పాతనిచ్చారు. ఆ నీటి ఫలితాలు ఆయన చేతికి రావాలి, తెలుగులో రావాలి.

కాబట్టి వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు నాన్నగారి తరఫున ఇవి అడగండి. రాతి పొడి చల్లని మడిచెక్క ఎక్కడుంది? చల్లక ముందు తీసిన నీటి, మట్టి ఫలితాలు ఏవి? కిందికి దిగిన నీటిని ఎలా లెక్కించారు? ఆల్కలినిటీ ఎక్కడ, ఎంతసేపట్లో కొలుస్తున్నారు? నైట్రేట్, సల్ఫేట్ కొలుస్తున్నారా? మంచిగా పనిచేసేవాళ్ళైతే ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు, కాగితాలు తీసి చూపిస్తారు. వాళ్ళ జవాబులు, నాన్నగారు నిరుడు వేసిన బస్తాల వివరాలు ఇక్కడ రాయండి. మీ మెట్టుకి ఎన్ని గొట్టాలు, ఏ లోతులో పెట్టాలో అప్పుడు కూర్చుని చూద్దాం. తొలకరికి ఇంకా టైముంది.